రెండోసారి తడిపిన పడుగు

పడుగుకు గంజి పెట్టే రోజు మా ఇంట్లో ఎవరూ బయటికి పోరు. జోడ్‌భావి పేట్‌లో మా గల్లీ పొడుగునా పడుగు, అంటే చీర నిలువు పోగులు, చాపి, గంజి పట్టించి, చెరో పక్క ఒకరు అది ఆరేదాకా కుంచెతో దువ్వుతూ నడవాలి. మధ్యలో ఒకరు వదిలిపోతే పోగులు అతుక్కుపోతాయి. యుద్ధం వచ్చి నూలు దొరకని రోజులవి. ఒక పడుగు చెడితే నెల కూడు చెడినట్టే. పద్దెనిమిదేళ్లు నా ఎదుటి పక్క నా భార్య ద్రౌపది నడిచింది. ఆమె చనిపోయాక నా కూతురు ఉష నడిచింది.

పోయే ముందు ద్రౌపది నన్ను అడిగింది ఒక్కటే. "పిల్ల చదువు బంద్ చెయ్యకు." చెయ్యలేదు. మాట నిలబెట్టుకున్నానని నలుగురిలో చెప్పుకున్నాను కూడా. తల్లి పని మొత్తం పిల్ల మీద వేశానని మాత్రం చెప్పలేదు. నీళ్లు, వంట, గంజి కాచడం, మగ్గానికి సరిపడా నూలు రాట్నం మీద కండెలుగా చుట్టడం. అవన్నీ అయ్యాక కాలేజీ. అన్నం మాడితే, "మీ అమ్మ ఉండంగ ఎన్నడన్న ఇట్లయిందా?" అనేవాణ్ని. ద్రౌపది ఉన్నప్పుడు ఆమెతో మా అమ్మ పేరు చెప్పి ఇదే మాట అనేవాణ్ని.

ఉష బి.ఏ.లో తత్త్వశాస్త్రం తీసుకుంది. నేను ఈ మరాఠీ ఊరికి రాకముందు మా తెలుగు ఊరి బడిలో నాలుగు తరగతులు చదివినవాణ్ని.

"దాంట్ల ఏం చెప్తరే?" అని ఒకసారి అడిగాను.

"చీర ఉన్నది గదా నాయినా. అది పుట్టనీకి కారణాలేందని అడుగుతరు. నూలు ఒక కారణం. నేసెటోడు ఒక కారణం. మగ్గం, పోగును అటీటు తీస్కపోయే నాడె ఇంకో తీరు కారణం."

"గింతేనా? నన్నడిగితే ఫీజు లేకుండ చెప్తుంటి."

నవ్వింది. రాట్నం మాత్రం ఆపలేదు. "మరి కండెలు చుట్టినామె ఏ కారణం నాయినా?"

"పొయ్యి మీద పప్పు పొంగుతున్నది, చూడు పో."

మార్చిలో ఆఖరి పరీక్షలు. తత్త్వశాస్త్రం పేపరు ఏ రోజో ఆమె నెల ముందే చెప్పింది. ఆ రోజే పడుగు చాపాను. నూలిచ్చి చీరలు తీసుకునే సావుకారు నర్సప్ప తొందర పెడుతున్నాడన్నాను. నర్సప్ప అడగనే లేదు. పాసైతే ఆమెకు బళ్లో పంతులమ్మ పని దొరుకుతుందని విన్నాను. అప్పుడు కండెలు ఎవరు చుడతారు? నా భయం ఇంతే. దీనికి ఇంకో పేరు పెట్టను.

తొమ్మిదికల్లా పడుగు ఆరవచ్చింది. ఉష ఎండ వైపు చూసి కుంచె దించబోయింది. "గంజి సరిగ పట్టలే" అని నేను మళ్లీ తడిపాను. ఆ అవసరం లేదు. మగ్గం ఇంట్లో పుట్టినవాళ్లు ఎవరైనా పోగు పట్టి చూసి చెప్పగలరు. పక్కింటి గంగుబాయి గడపలోంచి, "నేను నడుస్త తియ్యి అన్నా, పోరిని పోనియ్యి" అంది.

"మా పడుగు మీద పరాయి చెయ్యి వద్దు" అన్నాను.

ఉష నా మొహం చూసింది. కుంచె మళ్లీ ఎత్తింది. పన్నెండు దాకా నడిచింది. పరీక్ష పదకొండుకు.

ఒక్క పేపరు పోయినా అన్నీ మళ్లీ రాయాలట; అక్టోబరులో ఆ పరీక్షలు. మొదటి రోజు తత్త్వశాస్త్రం. ఆ పొద్దున మళ్లీ పడుగు చాపాను. ఈసారి నర్సప్ప నిజంగానే అడిగాడు. ఒక్క రోజు ఆగమంటే ఆగేవాడు. నేను గంజి పట్టిస్తుండగా ఉష ఉతికిన చీర కట్టుకొని బయటికి వచ్చింది. తడి పడుగు పక్కనుంచే నడిచి వెళ్లింది. పిలిచాను. ఆగలేదు. కుంచె కోసం లోపలికి పోతే, రెండు కుంచెలూ మేకుకే ఉన్నాయి. వాటి పక్కన ఒక కాగితం గుచ్చి ఉంది. మరాఠీ బడిలో చదివిన పిల్ల, ఏది రాసినా మరాఠీలోనే రాస్తుంది. ఇది తెలుగులో ఉంది. తెలుగు అక్షరాలు ఆమెకు నేర్పింది నేనే.

"నాయినా, పుస్తకం తెరిస్తే కండెలు యాదికొస్తయి. తప్పు చేస్తున్నట్టుంటది. కండె చుడుతుంటే పుస్తకం యాదికొస్తది. అప్పుడు గూడ తప్పు చేస్తున్నట్టే ఉంటది. క్లాసుల కూసున్నా ఇంటికాడ ఏదో సగంల ఇడిసిపెట్టి వచ్చినట్టు చేతులు దేవులాడుతయి. అమ్మ గూడ గిట్లనే ఉంటుండె. అన్నం తినంగ గూడ మగ్గం దిక్కు చూస్తుండె. కండెలు చుట్టినామె ఏ కారణమని సారును అడిగిన. కుమ్మరికి మట్టి మోసిన గాడిదను కుండకు కారణమనరు, ఇదీ అట్లనే అన్నడు. క్లాసంత నవ్విండ్రు. నేను గూడ నవ్విన. ఇంటికొచ్చి అమ్మ రాట్నం ముట్టనీకి సిగ్గయింది. మార్చిల పడుగును రెండోసారి ఎందుకు తడిపినవో నాకెరుక. అడగలే. అడిగితే నువ్వు అబద్ధమాడాలె, నేను నమ్మినట్టుండాలె. ఇయ్యాల పోతున్న. పడుగు తడిసి ఉన్నా పోతున్న."

గంగుబాయి గడపలోనే ఉంది. పిలవడానికి నాకు నోరు రాలేదు. ఒక్కణ్నే ఇటూ అటూ ఉరికాను. ఈ పక్క దువ్వేలోపు ఆ పక్క అతుక్కుంది. ఎండ ఎక్కేసరికి పడుగు తాళ్లు తాళ్లుగా బిగుసుకుపోయింది.

సాయంత్రం ఉష వచ్చింది. గల్లీలో పడుగును చూసి గడప ఎక్కింది.

"ఏమడిగిండ్రు?" అన్నాను.

"చీర సంగతి అడగలే."

ఆమె కాళ్లు కడుక్కొని వచ్చాక అన్నాను. "రెండోసారి తడిపే పని లేకుండె, బిడ్డా."

"ఎరుకే."

అంతే. పోనీలే నాయినా అనలేదు. అంటుందేమోనని చూసినందుకు నాకే సిగ్గేసింది. మర్నాడు ఇంకో పేపరు. ఆమె పుస్తకం తీసుకొని గడపలో కూర్చుంది. నేను ద్రౌపది రాట్నం ముందు కూర్చున్నాను. ముప్ఫై ఏళ్లుగా నేస్తున్నాను, ఒక్క కండె చుట్టి ఎరగను. పోగు తెగింది. కలిపాను. మళ్లీ తెగింది.

ఉష తలెత్తి చూసింది. లేవలేదు.