గుంటలు కొలిచే కోడలు

మా కోడలు గుంటలు కొలుస్తుంది. ఎవరైనా అడిగితే నేను ఇదే చెబుతాను, ఆమె నవ్వి ఊరుకుంటుంది. మన ఒంట్లోని ప్రోటీన్లకు కంటికి ఆనని గుంటలుంటాయట. మందు వెళ్లి అందులో సరిగ్గా కూర్చుంటేనే పనిచేస్తుందట. ఆ గుంట ఎంతుందో కంప్యూటర్లో బొమ్మ కట్టి కొలవడం ఆమె ఉద్యోగం. నేను నలభై ఏళ్లుగా బూట్లు కుడుతున్నాను. ఇద్దరిదీ ఒకటే పని అని నా గట్టి నమ్మకం.

ఆ గురువారం సాయంత్రం ల్యాప్‌టాప్ పట్టుకుని మేడ దిగి నా దుకాణంలోకి వచ్చింది. పీట మీద కూలబడింది. పొద్దుటి నుంచి ఏమీ తిన్నట్టు లేదు.

"ఏమైందమ్మా?"

"రేపు మీటింగు, మామయ్యా. మా మందు ఆ గుంటలో పట్టట్లేదు. ఆ మాట చెప్పగానే పని ఆపేస్తారు. నాలుగేళ్ల పని."

ఆ మందు కండరాలు చచ్చుబడిపోయే పిల్లల కోసమని నాకు తెలుసు. వాళ్లలో ఒక పాప గీసిచ్చిన బొమ్మ ఆమె గది గోడకు ఉంది. ఓదార్చడం నాకు చేతకాదు, అందుకని విసుక్కున్నాను.

"ఏదీ, ఇలా చూపించు."

తెర మీద చిక్కుపడ్డ నూలు ఉండలాంటిది తిరుగుతోంది. మధ్యలో నీలం రంగు నింపిన గుంట. చూస్తుండగానే అది ముడుచుకుంది, మళ్లీ తెరుచుకుంది.

"ఇది కదులుతోందేం?"

"కదులుతూనే ఉంటుంది. అందుకే వెయ్యిసార్లు కొలిచి సగటు తీశాను. రెండు వందల తొంభై వచ్చింది. మందుకేమో మూడు వందల ఇరవై కావాలి."

నాకు ఒళ్లు మండింది.

"సగటుకి ఎవరైనా బూట్లు కుడతారా? పాదం కూర్చుంటే ఒకలా ఉంటుంది, నిలబడితే ఇంకోలా ఉంటుంది. సాయంత్రానికి ఉబ్బుతుంది. రెండు కాళ్లూ ఒక్కలా ఉండవు. పెద్దదాన్ని చూసుకుని కుట్టాలి. లేకపోతే కరుస్తాయి."

గోడకు వేలాడుతున్న కొయ్య పాదాల అచ్చులను ఆమె ఒక్కొక్కటే చూసింది. తర్వాత అంకెల పట్టిక తెరిచి ఒక్కొక్క వరుసే చూసుకుంటూ పోయింది. నేను తోలు కోస్తున్నట్టు నటించాను.

"ఎనభై మూడుసార్లు మూడు వందల ఇరవై దాటింది, మామయ్యా," అంది చివరికి. "అది తెరుచుకున్నప్పుడు మందు దూరగలిగితే చాలు. రోజూ కళ్లెదుటే తెరుచుకుంటోంది. సగటులో పడి పట్టించుకోలేదు."

మర్నాడు సాయంత్రం ఆమె ఆఫీసు నుంచి నేరుగా దుకాణానికే వచ్చింది.

"మూడు నెలలు గడువిచ్చారు."

నేను చెప్పలేదా అని మీసం దువ్వబోయాను. ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఒక మాట చెబితే ఏమీ అనుకోరుగా? పెళ్లికి మీరు కుట్టిన ఈ బూట్లు ఎడమకాలు కరుస్తాయి."

ఆరేళ్లయింది ఆ బూట్లు కుట్టి. ముఖ్యమైన పని ఉన్నప్పుడల్లా అవే వేసుకుని వెళుతుంది. అప్పట్లో కొత్త కోడలి పాదం కొలవడానికి మొహమాటపడి, మా అబ్బాయి కాగితం మీద గీసి తెచ్చిన కుడికాలి కొలతతోనే రెండూ కుట్టేశాను. నలభై ఏళ్ల పనివాడిని, నిన్న అంత ఉపన్యాసం ఇచ్చినవాడిని.

"ఇన్నాళ్లూ చెప్పలేదేమ్మా?"

"మీరు కుట్టారు కదా," అంది.

నా కళ్లు చెమర్చాయి, దాచుకోలేదు కూడా. ఆమె కాళ్ల ముందు నేల మీద కాగితం పరిచి, పెన్సిలు తీసుకుని కూర్చున్నాను.

"కూర్చోకు. నిలబడే ఉండు," అన్నాను. "ముందు ఎడమకాలు పెట్టు."