నీలిగళ్ళ బిరడా

బంగాళాదుంపలు ఉడికిన నీళ్ళు గుడ్డలో వడగట్టి, అందులో పంచదార, గడ్డకట్టడానికి అగర్ పొడి కలుపుతోంది బూజమ్మ. ఈ వంట మనుషుల కోసం కాదు, బూజుల కోసం. దేశం నలుమూలలా జబ్బుపడ్డవాళ్ళ ఊపిరితిత్తుల్లోంచి, గోళ్ళలోంచి తీసిన బూజులన్నీ ఈ ఆసుపత్రి ప్రయోగశాలలో గాజు ట్యూబుల్లో బతుకుతున్నాయి. తిండి ఎండిపోయేలోగా కొత్త ట్యూబులోకి మార్చకపోతే చచ్చిపోతాయి. ఆ మార్చే పని ఆమెది. అందుకే బూజమ్మ అని పేరు పెట్టినవాడు ఎప్పుడో రిటైరై వెళ్ళిపోయాడు గానీ, పేరు మాత్రం జిడ్డులా పట్టుకుని ఉండిపోయింది.

మనిషి సన్నగా ఉంటుంది. కుడిచేతి చిటికెనవేలు వంకర. ట్యూబు బిరడాను ఆ వేలితో లాగి పట్టుకుని, మిగతా వేళ్ళతో తీగను దీపం మంటలో కాల్చి బూజును మార్చాలి. ఏళ్ళ తరబడి అలా పట్టీ పట్టీ ఆ వేలు అలాగే నిలిచిపోయింది. ఇంట్లో మంచినీళ్ళు తాగుతున్నా విడిగా నిలబడుతుంది. "మా అమ్మ మహారాణిలా తాగుతుంది," అని కూతురు ఏడిపిస్తుంది.

అన్ని ట్యూబులకూ తెల్లదూది బిరడాలే. ఒక్కదానికి మాత్రం దూది మీద నీలిగళ్ళ గుడ్డ చుట్టి ఉంటుంది. అది ఆమె భర్త చొక్కా గుడ్డ. ఆ ట్యూబులో ఉన్నది ఆయన్ని చంపిన బూజు.

ఆయన కూలిపని చేసేవాడు. పాత గోదాములు కూలగొట్టడానికి దూరాన కొండప్రాంతానికి వెళ్ళి, దగ్గుతో తిరిగొచ్చాడు. వీధిగదిలో రొద ఎక్కువని ఆమే ఆయన పక్కను వెనకగదిలోకి మార్చింది. ఆ గది గోడ చెమ్మకి ఆకుపచ్చగా బూజుపట్టి ఉండేది.

"సున్నం కొట్టిస్తే బాగుండు," అన్నాడాయన.

"వానలు తగ్గనీ, కొట్టిద్దాం," అంది.

వానలు తగ్గకముందే ఆయన పోయాడు. ఆయన కఫంలోంచి తీసిన బూజు అందరిదీ వచ్చినట్టే ఇక్కడికి వచ్చింది. కొన్నాళ్ళకు ఆమె ఆ గోడను గీకి తెచ్చి, ఇక్కడి డాక్టరమ్మను అడిగి దాన్నీ పెంచింది. రెండూ ఒకటే ఆకుపచ్చ. పక్కపక్కన పెట్టి ఎంతసేపు చూసినా ఒకటే. చంపింది తన గోడేనని ఆమె ఆనాడే తీర్పు చెప్పేసుకుంది. అప్పట్నుంచి ఏటా వానలకు ముందే ఆ గోడకు తనే సున్నం కొడుతుంది. ఆ గది తలుపు తియ్యనివ్వదు. ఆయన ట్యూబుకు మాత్రం ఒక్కసారి కూడా తిండి తప్పలేదు. తనకు తాను వేసుకున్న శిక్ష అది.

మధ్యాహ్నం డాక్టరమ్మ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. ఈ ప్రయోగశాలకు పెద్ద ఆవిడే. దేశంలోని బూజుల జన్యువుల్ని పోల్చి చూసే పని ఎన్నాళ్ళుగానో సాగుతోంది. ఫలితాలు వచ్చాయట.

"పైకి అన్నీ ఒకటే రంగు గానీ, లోపల ఒక్కో ప్రాంతానిది ఒక్కో వంశం," అంది. "మన ఊరివన్నీ ఒక రకం. నీ గోడదీ అదే."

బూజమ్మ తీగ పక్కన పెట్టేసింది. "మరి ఆయనదండీ?"

"అది ఇక్కడిది కాదు. కొండప్రాంతం నుంచి వచ్చిన ట్యూబు ఒకటుంది చూడు, దానికీ దీనికీ వెంట్రుకవాసి తేడా లేదు. ఇలాంటిది మన ఊళ్ళో ఎక్కడా దొరకలేదు. మీ ఆయన అక్కడే అంటించుకుని వచ్చాడు."

"అయితే గోడ..."

"గోడ ఏం చేసింది, పాపం."

ఆమె కళ్ళజోడు తీసి కోటు అంచుతో తుడుచుకుంది. ఏడుపొస్తుందనుకుంది గానీ రాలేదు. ఇన్నేళ్ళూ తనను తాను తిట్టుకున్న తిట్లన్నీ ఇప్పుడు ఎవరికి అప్పజెప్పాలో తెలియలేదు.

డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఇంకో మాట. చోటు చాలడం లేదు. ఒకేలా ఉన్నవాటిలో ఒకటి ఉంచి మిగతావి తీసెయ్యాలి. ఆయనదీ, ఆ కొండదీ, రెంట్లో ఏది ఉంచినా ఒకటే. కావాలంటే ఆయనదే ఉంచు."

"ఆ కొండ ట్యూబు ఎవరిదండీ?"

"ఎవరో అమ్మాయిది. బతికి బయటపడింది."

"అయితే అదే ఉంచండి," అంది బూజమ్మ.

సాయంత్రం గోడ ట్యూబుకూ, అమ్మాయి ట్యూబుకూ కొత్త తిండి పెట్టింది. ఆ తర్వాత ఆయన ట్యూబును చేతిలోకి తీసుకుని, బూజుల్ని చంపే ఆవిరి డబ్బాలో నిలబెట్టి, మూత బిగించింది. ఆవిరి బుసకొడుతున్నంతసేపూ గిన్నెలు కడుగుతూనే ఉంది. చల్లారాక మూత తీస్తే లోపల ఆకుపచ్చ లేదు, గోధుమరంగు గంజి మిగిలింది. అది పారబోసి, ట్యూబు కడిగి, మిగతావాటి పక్కన బోర్లించింది.

కూతురు ఫోన్ చేసింది. "అమ్మా, మబ్బులు కమ్ముకొచ్చాయి. ఈ ఏడు గోడకి సున్నం ఇంకా కొట్టలేదు నువ్వు."

"వెనకగది తలుపు తీసి ఉంచవే, గాలి తగలనీ."

"మరి సున్నం?"

బూజమ్మ కిటికీలోంచి మబ్బుల కేసి చూసింది.  "వానలు తగ్గనీ, కొట్టిద్దాం."

దీపం ఆర్పి, కోటు మేకుకు తగిలించి వెళ్ళిపోయింది. ఆవిరిలో ఉడికిన బిరడాల్ని చెత్తలో వెయ్యడం అక్కడి రివాజు. కిటికీ గట్టు మీద నీలిగళ్ళ బిరడా ఒక్కటే, నీళ్ళు పిండిన మడతలతో, ఆరుతూ ఉంది.