ఆవ నడిచిన దారి

కన్నబాబు రోజూ పొద్దున్నే వేపపుల్ల నములుతూ వాకిట్లో నిలబెట్టిన టిప్పర్ టైర్లు కాలితో తట్టి చూసుకుంటాడు. తరువాత టీ కాచి, మంచం మీదున్న చిన్నమ్మలుకి గ్లాసు అందిస్తాడు. ఆమెకి ఎనిమిదో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి పోయింది. ఈసారి అనకాపల్లి డాక్టరమ్మ గట్టిగా చెప్పింది: మంచం దిగకూడదు, ఒంటికి కుదుపు తగలకూడదు.

ఆ శ్రావణంలో ఒక పొద్దున్న టైర్ల పక్కన నత్తలు కనిపించాయి. చేటెడు నత్తలు, తడి చారలు గీసుకుంటూ ఇంటివైపే వస్తున్నాయి. అతని నోట్లో పుల్ల జారి కింద పడింది.

ఆ ఊరి ఆవ నడుస్తుంది. ఎప్పుడో శారదా నది పొంగి పక్కకు జారి నిలిచిపోయిన నీళ్ళవి. నడుములోతు, నిండా తామర, జమ్ము. చోటు చాలనప్పుడు అది లేచి, రోజుకి నాలుగైదు బారలు కదిలి, తన పిట్టల్నీ పాముల్నీ వెంటేసుకుని ఎవరి దొడ్లోనో దిగుతుంది. ఆ ఇంటివాళ్ళు సామాను అటకెక్కించి చుట్టాలింటికి పోతారు. పిట్టల పిల్లలకి రెక్కలొచ్చి, ఆవ కదిలిపోయాక వచ్చి ఇల్లు కడుక్కుంటారు. దాని గురించి ఊళ్ళో ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు.

ఈసారి చోటెందుకు చాలలేదో మాత్రం కన్నబాబుకి బాగా తెలుసు. ఎండాకాలంలో ఆవ తూర్పు కొసని ప్లాట్లకోసం ఎర్ర గ్రావెల్‌తో పూడ్చారు. తోలినవాడు అతనే. జమ్ములో గుడ్లు పొదుగుతున్న నీలికోళ్ళు హారన్ కొట్టినా లేవలేదు. అతను ఆగలేదు. లోడు వాటి మీదే దించేశాడు.

నత్తల వెనక తూనీగలు వచ్చాయి. తూనీగల వెనక కప్పలు, కప్పల కోసం నీరుకట్టె పాములు, వాటి వెనక కొంగలు. వీధిలో ఆరిళ్ళు దాటి, ఎవరి గడపా తొక్కకుండా నీళ్ళు నేరుగా తన ఇంటికే వస్తున్నాయి.

ఎదురింటి అప్పలకొండమ్మ తామరాకులు కోసి అనకాపల్లి బజారులో అమ్ముకుంటుంది. ఆవ దగ్గరకొచ్చేసిందని దోనె తెచ్చి తన అరుగుకే కట్టేసుకుంది. సామాను పైకెట్టుకోమని కన్నబాబుకి చెప్పింది.

"నన్నే ఎతుక్కుంటా వత్తందా అత్తా?" అని అడిగాడు అతను.

"దానికి నువ్వెవరో నానెవరో ఏటి తెలుత్తాది నాయినా? పిట్టలకి గూడు కావాల," అంది ఆమె, ఆకులు కట్ట కడుతూ.

ఆ మాటతో భయం తగ్గలేదు. కె.కోటపాడులో అత్తవారిల్లుంది గాని భార్యని మంచం దింపేదెలా? ఆ సాయంత్రమే మూడు లోడ్ల గ్రావెల్ తెచ్చి ఇంటిచుట్టూ కట్ట పోశాడు. తెల్లారేసరికి కట్ట పొడిగా ఉంది. నీళ్ళు గదిలో గచ్చు పగుళ్ళలోంచి ఊరుతున్నాయి.

మంచం కోళ్ళ కింద ఇటుకలు పేర్చి, కర్ర పట్టుకుని భార్య కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. వంటగదిలో నీటికుక్కలు చేపలు కొరుకుతున్న చప్పుడు. దూలం మీంచి ఒక పాము జారి నీళ్ళలో పడింది. టిప్పర్ కేబిన్‌లో, సరిగ్గా డ్రైవర్ సీటు మీద, ఒక నీలికోడి జమ్ము పరుచుకుని గుడ్లు పెట్టింది. కిటికీలోంచి అది అతన్నే చూస్తోంది. మూడు రోజులు అతను కన్ను మూయలేదు.

"కర్ర దించు బావా," అంది చిన్నమ్మలు. "ఆటిని సూత్తే నాకు భయం లేదు. నీ సేతిలో కర్ర సూత్తేనే భయమేత్తంది."

నాలుగో రోజు మధ్యాహ్నం ఆమెకి నొప్పులొచ్చాయి. ఇంకా నెలకి పైగా టైముంది. ఫోన్ చేస్తే అంబులెన్సు ఊరి పొలిమేరదాకా వచ్చి ఆగిపోయింది. టిప్పర్లు తిరిగి తిరిగి ఆ రోడ్డు మోకాలి లోతు గోతులైపోయింది. ఆ గోతుల మీద ఈమెని తీసుకెళ్తే దారిలోనే ప్రాణం పోతుందన్నాడు డ్రైవరు.

అప్పలకొండమ్మ దోనె విప్పి గుమ్మంలోకి తెచ్చింది. పరుపుతో సహా చిన్నమ్మలుని అందులో పడుకోబెట్టి తల దగ్గర తను కూర్చుంది. కన్నబాబు గడ వేశాడు. వీధి చివర నీళ్ళు అయిపోతాయి, అక్కణ్ణుంచి ఎలాగో అతనికి తెలీదు.

నీళ్ళు అయిపోలేదు. దోనె ముందు ముందుగా ఆవ నడిచింది. రోజుకి నాలుగైదు బారలు నడిచేది, ఆ రోజు మనిషి పరుగంత జోరుగా నడిచింది. గోతులన్నీ నిండి రోడ్డు అద్దంలా అయింది. దోనెకి ఒక్క కుదుపు లేదు. రెండు పక్కలా పాముల తలలు, నీటికుక్కల వీపులు, వెనక వందల నీలికోళ్ళు. కన్నబాబు వెనక్కి తిరగలేదు. ఇదంతా తనని ఎక్కడికో తీసుకుపోయి ముంచడానికేననుకున్నాడు.

ఎండాకాలంలో అతను పూడ్చిన లేఅవుట్ దగ్గరకొచ్చేసరికి ఆవ ఆగిపోయింది. గడ ఎంత వేసినా దోనె కదల్లేదు. కప్పలు కూడా నోరు మూశాయి. ఎర్ర గ్రావెల్ మీద రంగులేసిన హద్దు రాళ్ళు వరసగా మెరుస్తున్నాయి. చిన్నమ్మలు పళ్ళు బిగించి మూలుగుతోంది.

కన్నబాబు గడ వదిలేసి మోకాళ్ళ మీద పడ్డాడు.

"నానే తోలేను," అన్నాడు. "గుడ్లున్నాయని తెలిసే తోలేను. దీనికేటీ తెలీదు. దీన్ని ఒగ్గీ, పోనీ."

నీలికోళ్ళు ఒక్కొక్కటే గ్రావెల్ మీదికి దిగాయి. ప్లాట్ల మధ్య నెమ్మదిగా తిరిగాయి, అక్కడక్కడ గోకి చూశాయి, మళ్ళీ వచ్చి నీళ్ళలో దిగాయి. ఆవ కదిలింది.

అనకాపల్లి బెల్లం మార్కెట్టు దగ్గర హమాలీలు దిమ్మల్ని చకచకా అరుగుల మీదికెక్కించారు. ఆస్పత్రి ముందు ఆటోవాళ్ళు బళ్ళు పక్కకి తీశారు. నర్సులు స్ట్రెచర్ దోనె అంచుకి ఆనించి చిన్నమ్మలుని లోపలికి తీసుకెళ్ళారు.

చీకటి పడకముందే ఆడపిల్ల పుట్టింది. పిడికెడంత ఉంది గాని ఏడుపు వరండాదాకా వినిపించింది. తల్లి బాగానే ఉందన్నారు. ఒక నర్సు కాగితం పట్టుకొచ్చి, ఏ బండిలో వచ్చేరని అడిగింది. ఆవలో వచ్చేమన్నాడు కన్నబాబు. ఆమె అలాగే రాసుకుని సంతకం పెట్టించుకుంది.

రేపటి ట్రిప్పుల కోసం లేఅవుట్ ఓనరు ఫోన్ చేశాడు. వేరే డ్రైవర్ని చూసుకోమని చెప్పి కన్నబాబు బయటికొచ్చాడు. ఆవ ఇంకా ఆస్పత్రి మెట్ల దగ్గరే ఉంది. అతను కింది మెట్టు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టాడు. ఒక నీరుకట్టె అతని పిక్కని రాసుకుంటూ పోయింది. అతను కాళ్ళు తీయలేదు.