తిప్పక్కర్లేని చక్రం

మా ఇంట్లో అక్షరం ముక్క చదవగలిగేది నేనొక్కదాన్నే. అందుకని ఫోను కుయ్యిమన్నప్పుడల్లా మా కోడలు చేతులకంటిన పీచు చీరకు తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చేది. "అత్తయ్యా, చూడండి, వాళ్ళేనా?" చాలాసార్లు వాళ్ళు కాదు, ఫోను కంపెనీ వాళ్ళు. ఆ రోజు మాత్రం వాళ్ళే, ఖాతాలో డబ్బు పడిందని. కూడబలుక్కుంటూ చదివి, నమ్మకం కుదరక మళ్ళీ చదివాను. పేదవాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళ ఖాతాలో నెలనెలా డబ్బు వేస్తామని, తిరిగి ఇవ్వక్కర్లేదని, దేనికి ఖర్చుపెట్టారో కూడా అడగబోమని ఆఫీసు వాళ్ళు వచ్చి చెప్పిన మాట నిజమే అయింది.

పక్కింటి దర్జీకి అప్పటికీ నమ్మకం లేదు. "ఊరికే ఎవడిస్తాడమ్మా? నాలుగు నెలలు వేసి, ఆ తర్వాత వచ్చి మీ ఆయన్ని పట్టుకుపోతారు, చూస్తూ ఉండు."

"పట్టుకుపోనీ అన్నయ్యా. ఆయన గురక విన్నాక వాళ్ళే ఎదురు డబ్బిచ్చి ఇంటి దగ్గర దింపి వెళ్తారు," అంది మా కోడలు.

మా అబ్బాయి కూడా నవ్వాడు. వాడు నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో. నాకు మాత్రం లోపల గుబులుగానే ఉంది. నా తత్వమే అంత. ఇంట్లో ఎవరైనా చెప్పులు తొడుక్కుంటేనే నాకు గుండె జారిపోతుంది.

మాది తాళ్ళు పేనే పని. కొబ్బరి పీచు నానబెట్టి, దంచి, ఆరబెట్టి, పెరట్లో పేనుతాం. ఒక చివర చక్రం, దాన్ని తిప్పడానికి ఒక మనిషి. ఇంకో మనిషి నడుముకు ఒడిలా గుడ్డ కట్టుకుని, నిండా పీచు పోసుకుని, ఒక పోగు చక్రం కొక్కేనికి తగిలించి, వేళ్ళతో పీచు వదులుతూ వెనక్కి నడవాలి. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూనే దూరమవుతారు. తాడు బిగుసుకుంటోందా, వదులవుతోందా అన్నది చక్రం దగ్గరివాళ్ళే కనిపెట్టాలి.

ఆ చక్రం దగ్గర ఒకప్పుడు నా మనవరాలు కూర్చునేది. మేం దాన్ని మిరియం అనేవాళ్ళం. మనిషి అంతే ఉండేది, నోరూ అంత ఘాటుగానే ఉండేది. వాళ్ళమ్మ వెనక్కి నడుస్తుంటే ఇక్కణ్ణుంచి కేకలేసేది. "అమ్మా, నడుస్తున్నావా, నిద్రపోతున్నావా? నత్త నిన్ను దాటి వెళ్ళిపోయింది, కావాలంటే వెనక్కి చూసుకో!" తాడు తెగితే మాత్రం నెపం నా మీద పెట్టేది. "నాయనమ్మ తుమ్మింది, అందుకే."

వానలు విడవకుండా కురిసి, పీచంతా కుళ్ళిపోయిన ఏడాది పొయ్యిలో పిల్లి లేవలేదు. అప్పుడే పట్నంలో బట్టల కొట్టావిడ పురిటిబిడ్డను ఎత్తుకోవడానికి పిల్ల కావాలని కబురు చేసింది. తిండీ బట్టా ఇస్తానంది, నెలకింత పంపుతానంది. "ఒక్క ఏడాదే కదా," అనుకున్నారు మొగుడూ పెళ్ళాం. ఒకటి నాలుగైంది. చక్రం తిప్పడం నా భుజం మీద పడింది.

ఖాతాలో డబ్బు పడిన రోజే మా కోడలు అంది. "దాన్ని తెచ్చేసుకుందాం."

"తెచ్చి? మళ్ళీ చక్రం దగ్గర కూలేస్తావా?" అన్నాడు మా అబ్బాయి. "అమ్మ భుజం చూశావుగా, ఇంక తిప్పలేదు. పిల్ల వస్తే పనంతా దాని నెత్తినే పడుతుంది. ముందు చక్రానికి మోటారు పెడదాం. అది ఇంటికొచ్చాక చెయ్యి కదపకూడదు. బడికెళ్ళాలి."

ఆ మాట మా అందరికీ ఎంత నచ్చిందో చెప్పలేను. ఆ నెలల్లో ఇల్లు తేరుకుంది. కప్పు మీద చిల్లులు పడ్డ రేకు మారింది. నూనె చిన్న పొట్లాల్లో కాకుండా సీసాతో వచ్చింది. తాళ్ళ వ్యాపారి ముందు చేతులు కట్టుకుని నిలబడే అవసరం తప్పింది. నా భుజానికి మందు కొన్నారు. తక్కినదంతా మోటారు కోసం దాచారు. మోటారు బిగించి, మీట నొక్కగానే చక్రం దానంతటది గిర్రున తిరిగిన రోజు మా అబ్బాయి కళ్ళు తుడుచుకున్నాడు. మర్నాడే పిల్లను తీసుకురావడానికి వెళ్ళాం.

బట్టల కొట్టావిడ మంచిదే. "మీ పిల్ల, మీ ఇష్టం," అంది. కానీ ఆవిడ కూతురు మా పిల్ల కాళ్ళు చుట్టేసుకుంది. "అక్కా, నేనూ వస్తా." మా పిల్ల వంగి దాని చెవిలో ఏదో చెప్పింది. పాప చేతులు వదిలేసింది. బస్సులో అడిగాను, ఏం చెప్పావే అని.

"సాయంత్రానికి వచ్చేస్తానని చెప్పాను నాయనమ్మా," అని కిటికీ వైపు తిరిగింది.

ఇంటికొచ్చాక మా అబ్బాయి దాని చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయాడు. "చూడవే మిరియం! ఇదిగో, నొక్కు." మీట నొక్కించాడు. చక్రం తిరిగింది. అది చక్రం కేసి చూసింది, తను కూర్చునే పీట ఉండే చోటు చూసింది. అక్కడ మోటారుకు దిమ్మ కట్టి ఉంది.

"మరి నేనేం చెయ్యాలి నాన్నా?"

"ఏమీ చెయ్యక్కర్లేదమ్మా! మహారాణిలా కూర్చో."

అది కూర్చోలేకపోయింది. అందరికంటే ముందు లేచి వాకిలి ఊడ్చేసేది. వాళ్ళమ్మ చీపురు లాక్కుంటే గిన్నెల దగ్గరికి పోయేది. అందరి భోజనాలూ అయ్యేదాకా వంటింటి గుమ్మం పక్కన నిలబడేది. ఒకసారి వాళ్ళమ్మ కంచంలో గుడ్డు వేయబోతే, "నాకొద్దు అమ్మగారూ," అని నాలుక కరుచుకుంది. మా కోడలు నవ్వేసింది. "సరేలే, అమ్మగారు వేసింది తిను." ఆ నవ్వుతూనే నీళ్ళ చెంబు కోసం లోపలికి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

బడిలో దాన్ని చిన్నపిల్లల వరసలో కూర్చోబెట్టారు. కొన్నాళ్ళు వెళ్ళింది. కసరలేదు, మారాం చెయ్యలేదు. నోరే లేదు దానికి. ఏదడిగినా "అలాగే" అనేది. పాత మిరియమైతే ఆ పంతులమ్మ చెప్పుల దగ్గర్నుంచి జడ దాకా నాకు వెక్కిరించి చూపించేది.

ఒకరోజు బట్టల కొట్టావిడ ఫోను చేసింది. పాప జ్వరంతో ముద్ద ముట్టడం లేదట, ఒక్కసారి మాట్లాడమంది. పిల్ల ఫోను చెవికి పెట్టుకుంది.

"ఏయ్ దొంగమొహం! నోరు తెరవవా? తెరవకపోతే నేనొచ్చి నీ ముక్కులోంచి తినిపిస్తా. ఆఁ, కనబడుతోంది నాకు, దిండు కింద ముద్ద దాచేశావు కదూ? చీమలు వచ్చి నిన్ను ఎత్తుకుపోతాయి, నాకు తెలీదు!"

పెరట్లో వెనక్కి నడుస్తున్న మా కోడలు ఆగిపోయింది. చేతిలో పోగు తెగింది. చక్రం దగ్గరికి వచ్చి మోటారు ఆపేసి, నిలబడి వింది. నాలుగేళ్ళుగా మేం దేవులాడుకుంటున్న గొంతు అదే. మా ఇంట్లోనే వినిపిస్తోంది, మా కోసం కాదు.

ఫోను పెట్టేశాక పిల్ల పెరటి గుమ్మంలోకి వచ్చింది.

"అమ్మా, నేను వెళ్తాను."

"చూసి వస్తావా? వెళ్ళిరా. నాన్న తీసుకెళ్తాడు."

"చూసి రావడం కాదమ్మా." అది తల దించుకుంది. "అక్కడే ఉంటాను."

మా అబ్బాయి పైకి లేచాడు. "ఇక్కడ నీకేం తక్కువైందే? చెప్పు, ఏం కావాలో చెప్పు. వచ్చే నెల డబ్బు పడగానే కొంటాను."

"ఏం తక్కువ కాలేదు నాన్నా. అన్నీ బాగున్నాయి. ఇక్కడ నా అవసరం లేదు కదా. అక్కడ పాప నేను లేకపోతే తినదు."

"నువ్వు లేక మేం తిన్నామనుకున్నావా?" అన్నాడు వాడు.

అది వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళి, చొక్కాకు అంటుకున్న పీచు ఒక్కొక్కటే తీసింది, పెద్దమనిషిలా. "ఏడవకండి నాన్నా," అంది. మమ్మల్ని "మీరు" అనడం ఎప్పుడు నేర్చిందో.

మా కోడలు దాన్ని ఆపలేదు. కొత్త బట్టలు మడిచి సంచిలో పెట్టింది. "అప్పుడు మేం పంపాం," అంది మెల్లగా. "ఇప్పుడు మేం పంపట్లేదు. ఆ సంగతి మాత్రం గుర్తుంచుకో."

"గుర్తుంటుందమ్మా. నేనే వెళ్తున్నాను."

ఆకలి పంపిన రోజు దానికి తిట్టడానికి ఆకలి ఉంది, మాకు తిట్టుకోవడానికి వాన ఉంది. ఈసారి ఎవరినీ ఏమీ అనడానికి లేదు. సందు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాం. చెయ్యి ఊపింది. అడుగులు మాత్రం తొందరగా వేసింది.

ఆ తర్వాతి వారం కుళాయి దగ్గర పాలమ్మే ఆవిడ కదిపింది. "ఏంటమ్మా, పిల్లని మళ్ళీ పనిలో పెట్టేశారట? నెలనెలా డబ్బులొస్తున్నాయిగా?"

నేను చెప్పబోయాను, పెట్టలేదమ్మా, అదే వెళ్ళిందని. మా కోడలు నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఎక్కడొదినా, ఏ మూలకొస్తాయి?" అంది. "చాలట్లేదు."

"అదే అనుకున్నాను. ఇచ్చేదేదో నిండుగా ఇచ్చి ఏడవకూడదూ! కన్నతల్లివి, నీ చేతులతో నువ్వే పిల్లని పంపుకోవాలంటే ఎంత కష్టం!"

"అవునొదినా. చాలా తక్కువిస్తున్నారు."

పాలావిడ నాలుక చప్పరించి, కుళాయి కింద పెట్టిన తన బిందె పక్కకు జరిపేసింది. ముందు మమ్మల్ని నీళ్ళు పట్టుకోమంది.