భీముడు ఎక్కిన కాటా

నేను ఒక కాటాను. ధాన్యం బస్తాలు తూచే బల్ల కాటాను. కింద నాలుగు ఇనప చక్రాలు, వాటి మీద వెడల్పాటి బల్ల, ఒక పక్క నిటారుగా స్తంభం, దాని తల మీద గీతలు కొట్టిన ఇత్తడి కడ్డీ. కడ్డీ మీద జరిగే చిన్న గుండే నా నాలుక. ఒక్కో గీతా వంద గ్రాములు. రాజమండ్రిలో పోత పోసి బిగించాక నన్ను పక్కనున్న కాటా మీదికి ఎక్కించి చూశారు. నూట పద్దెనిమిది కిలోలు. లోకంలో నేను విన్న మొదటి మాట అది. ఆ తర్వాత విన్నవన్నీ దాదాపు అలాంటివే.

మొదట ఒక బెల్లం వర్తకుడి దగ్గర పనిచేశాను. బల్లంతా జిగురు, చుట్టూ చీమలు. అక్కణ్ణించి తాడేపల్లిగూడెంలో ఒక రైసు మిల్లుకి వెళ్లాను. మిల్లు మూతపడ్డ రోజు ధాన్యం వర్తకుడు శేషగిరి వచ్చి రెండింటిని వెంట తీసుకెళ్లాడు: నన్ను, మిల్లు కాపలా కుక్క భీముణ్ణి. నా కోసం గంటసేపు బేరమాడాడు. కుక్కని ఊరికే ఇచ్చారు. ఊరికే వచ్చిన సరుకు ఎంత ఖరీదైనదో తెలియడానికి ఏ వర్తకుడికైనా కొంత కాలం పడుతుంది.

భీముడు దూడంత కుక్క. మొదటి రోజు నా బల్ల ఎక్కి నిలబడితే యాభై ఆరు కిలోలు తూగాడు. మిల్లులో ఉన్నప్పుడు సంచుల్లో వచ్చే ఎండు గుళికలు తినేవాడు. యాభై ఆరు కిలోల కుక్కకి రోజుకి ఆరు వందల గ్రాములు అని సంచి మీదే రాసి ఉండేది. శేషగిరి ఆ లెక్క ఒక్క గుళిక తప్పకుండా నా మీదే తూచి పెట్టేవాడు. సంచి ఇరవై అయిదు రోజులకే ఖాళీ అయ్యేది. వరసగా రెండు పంటలు రైతులు ధాన్యాన్ని కొనుగోలు కేంద్రాలకే తోలుకుపోవడంతో కొట్లో బస్తాలు పలచబడ్డాయి. గుళికల సంచి ధర మాత్రం పెరిగింది.

ఆకివీడు దగ్గర రొయ్యల చెరువులున్న రాజుగారు అప్పటికే రెండుసార్లు కబురు పెట్టారు. చెరువు గట్టున కట్టేసుకోవడానికి ఆయనకి అలాంటి కుక్క కావాలి. శేషగిరి భార్య అనసూయ ఆ మాట చెవిన పెట్టలేదు. పిల్లలు లేని ఇంట్లో ఆమె వెనకాల తిరిగే ప్రాణి అదొక్కటే. చవగ్గా తానే వండి పెడతానంది. మాంసం ఏనాడూ గడప దాటని ఇల్లు వాళ్లది. అందుకని కొట్టు వెనక ఊక పొయ్యి పెట్టింది. కోళ్ల దుకాణంలో చవగ్గా ఇచ్చే లివర్లూ గుండెకాయలూ తెప్పించి, నూకలూ గుమ్మడికాయ ముక్కలూ వేసి, ముక్కుకి చెంగు కట్టుకుని ఉడికించేది. ఉప్పు, ఉల్లిపాయ వెయ్యొద్దని పశువుల డాక్టరు చెప్పాడు. ఎముకలకి బలమని ఏదో పొడి రాసిచ్చాడు.

శేషగిరి సరేనన్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. ప్రతి శనివారం భీముడు నా మీదికి ఎక్కాలి.

"యాభైకి దిగాడంటే మాత్రం రాజుగారికి ఇచ్చేద్దాం. మన దగ్గర కడుపు మాడే కంటే అక్కడ రొయ్యలైనా తింటాడు" అన్నాడు.

తిండి మార్చే పని తనే చేతిలోకి తీసుకున్నాడు. బియ్యం వర్తకులకి ఒక విద్య ఉంది. పాత బియ్యానికి అలవాటుపడ్డ ఇంటికి కొత్త బియ్యం ఒకేసారి పంపితే అన్నం మెత్తబడిందని బస్తా వెనక్కొస్తుంది. మూడు పాళ్లు పాతకి ఒక పాలు కొత్త, తర్వాత సగం సగం, అలా పోతే నాలుక కనిపెట్టలేదు. భీముడి గిన్నెలోనూ అదే చేశాడు. పది రోజుల్లో గుళికలు పోయాయి, ఉడుకు కూడు నిలిచింది. కడుపు కొంచెమైనా పాడవలేదు. పెద్ద పెద్ద ఇళ్ల వాళ్లనే మార్చానని, కుక్క ఒక లెక్కా అని శేషగిరి అందరికీ చెప్పుకున్నాడు.

నేను మాత్రం శనివారాలు చూస్తున్నాను. యాభై అయిదు. యాభై నాలుగు. యాభై రెండున్నర.

డాక్టరు మళ్లీ వచ్చాడు. నులిపురుగులు లేవన్నాడు. ఎంత పెడుతున్నారని అడిగితే, సంచి మీద రాసినంతే, ఆరు వందలు, తూచి మరీ పెడుతున్నామని శేషగిరి చెప్పాడు. డాక్టరు ఇంకా గుళికలే అనుకున్నాడు కాబోలు, తలూపి వెళ్లిపోయాడు. అయిదో శనివారం నా గుండు యాభైన్నర దగ్గర ఆగింది. శేషగిరి దాన్ని వేలితో ఒకసారి కదిపి చూశాడు. నా మాట మారలేదు. వచ్చే శనివారానికి యాభైకి దిగడం ఖాయమని లెక్కేసి, ఆ రోజుకి వ్యాను పంపమని రాజుగారికి ఫోను చేశాడు. అనసూయ కుక్క మెడ మీద చెయ్యేసి నా బల్ల అంచున కూర్చుంది. ఇద్దరి బరువూ నా మీద పడింది.

సోమవారం కౌలు రైతు ఏసుపాదం పది బస్తాల ధాన్యం తెచ్చాడు. గింజ పంటి కింద వేస్తే తేమ ఎంతో చెప్పేస్తాడని శేషగిరికి పేరు. ఒక గింజ కొరికి, పందొమ్మిది అన్నాడు. తేమ కింద బస్తాకి రెండు కిలోలు తరుగు తీసేస్తానన్నాడు. ఏసుపాదం బస్తా మీద కూర్చుండిపోయాడు.

అప్పుడే అనసూయ గిన్నె తెచ్చి నా మీద పెట్టింది. గిన్నె బరువు పోను సరిగ్గా ఆరు గీతలు. భీముడు నాలుగు గుక్కల్లో ఊడ్చేసి, గిన్నె నాకి, ఆ తర్వాత నా బల్ల కూడా నాకాడు. ఏసుపాదం అది చూశాడు. ఇదివరకు ఏం తినేవాడని అడిగితే, డబ్బా అడుగున మిగిలిన గుళిక ఒకటి అనసూయ అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని శేషగిరిలాగే పంటి కింద వేశాడు. పటుక్కుమంది. తర్వాత కూటి కుండలో గరిటె ముంచి ఎత్తాడు. నీళ్లు కారాయి.

"ఇది ఎండు సరుకు, అది తడి సరుకు కదండీ షావుకారు గారూ" అన్నాడు నెమ్మదిగా. "రెండూ ఆరొందలే ఎలాగ తూస్తారండి? నా గింజలో తేమ పంటి కింద పట్టేశారు. ఈ నోరులేనోడి కూట్లో పట్టలేదేటండి?"

శేషగిరి చెవి గోక్కున్నాడు. ముప్పై ఏళ్లుగా తేమకి తరుగు తీస్తున్న మనిషి. అయినా నోటిమాట మీద సరుకు దించుకునే రకం కాదు. ఆరు వందల గ్రాముల కూడు పళ్లెంలో పలచగా పరిచి ఎండలో పెట్టించాడు. కాకులు రాకుండా అనసూయ కర్ర పట్టుకుని రెండు రోజులు కాపలా కూర్చుంది. ఎండిందాన్ని తెచ్చి నా మీద పోసినప్పుడు, చూద్దామని మళ్లీ వచ్చిన ఏసుపాదంతో కలిపి ముగ్గురూ నా మీదికి వంగారు. భీముడు కూడా.

రెండు గీతలు.

గుళికలు పోయినప్పటి నుంచీ ఆ కుక్క మూడో వంతు తిండితో బతికిందన్నమాట. శేషగిరి గుండుని సున్నా దగ్గరికి జరిపేశాడు.

"మూడు గిన్నెలు పెట్టు. వ్యాను వద్దని నేను చెప్తాలే" అన్నాడు.

మూడు రెట్లు పెట్టినా సంచి ధరలో సగం కాలేదు. నెల తిరిగేసరికి యాభై రెండు, కోతల నాటికి యాభై అయిదున్నర. ఆ కోతలకి ఏసుపాదం మళ్లీ వచ్చాడు. శేషగిరి గింజ కొరికి, పద్దెనిమిది అని, తరుగు కిలోయే తీశాడు. ఆ గింజలో తేమ నిజంగా ఎంతో నాకు తెలియదు. నాకు పళ్లు లేవు.

తర్వాత అంకెలు వెలిగే ఎలక్ట్రానిక్ కాటా వచ్చింది. నన్ను కొట్టు వెనక ఊక పొయ్యి పక్కకి తోశారు. పాత ఇనుము కొనేవాడు రెండుసార్లు వచ్చి చూసి, నూట పద్దెనిమిది ఉంటుందన్నాడు. చాలా ఏళ్లకి మళ్లీ ఆ మాట విన్నాను. అది అమ్మేది కాదు, మా వాడి మంచం అని అనసూయ రెండుసార్లూ పంపేసింది.

మధ్యాహ్నం అన్నం తిన్నాక భీముడు వచ్చి నా బల్ల మీద ఒళ్లు పరుస్తాడు. నా గుండు ఎప్పుడో పోయింది. ఎంత ఉన్నాడో చెప్పలేను. అయినా వాడు పడుకోగానే కడ్డీ పైకి లేచి ఠంగుమని కొట్టుకుంటుంది. లోపల పద్దులు చూసుకుంటున్న శేషగిరి ఆ చప్పుడు విని, ఇవాళ కడుపు నిండినట్టుంది అంటాడు. ఎవరూ గుండు జరిపి చూడరు.