శాలువా పంపకం

ఆ సాయంత్రం ఏ గొడవా లేకుండా గడిస్తే చాలనుకున్నాడు మదనపల్లె కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే జ్ఞానప్రకాశం. స్వరాజ్యం వచ్చి ఏడాది దాటింది. సోమల కొండల్లోని యానాదుల పెద్ద అంజినప్పకు కాలేజీ తరఫున శాలువా కప్పుతున్నారు. తొమ్మిదేళ్లుగా విద్యార్థులను కొండలెక్కించి, ఏ ఆకు తింటే బతుకుతారో ఏది తింటే చస్తారో నేర్పింది ఆయనే. బీరువాలో ఎండబెట్టి దాచిన మొక్కల్లో సగానికి పేర్లు చెప్పిందీ ఆయనే.

అయినా కాలేజీ సన్మాన కమిటీని ఒప్పించేసరికి జ్ఞానప్రకాశం చెప్పులరిగాయి. అంతవరకూ ఆ గౌరవం జమీందార్లకూ డాక్టర్లకూ తప్ప దక్కింది లేదు. కమిటీ పెద్ద, పుంగనూరు భూస్వామి గంగాధరం చివరికి ఊ అన్నాడు గానీ ఒక మెలిక పెట్టాడు.

"సభలో రవ్వంత తేడా వచ్చినా సూడు, వచ్చే ఏడు మళ్లీ మా పద్దతే."

"తేడా యాల వస్తాదప్పా?" అన్నాడు జ్ఞానప్రకాశం.

అంజినప్ప ఒక్కడే రాలేదు. భార్య ఎల్లమ్మతో, పదహారుమంది బంధువులతో వచ్చాడు. కుప్పం నుంచి వచ్చిన సభాధ్యక్షుడు, రిటైరైన డాక్టరు బర్నబాసు, శాలువా ఎత్తాడు.

"ఇది నాకొక్కడికేనా సామీ?" అన్నాడు అంజినప్ప.

"నీకేనప్పా."

అంజినప్ప ముఖం చిన్నబోయింది. "మాలో యాడ దొరికింది ఆడనే పంచాల. సూసినోళ్లందరికీ వాటా ఉండాది. పెద్దోడు కడాకు, అందురి తర్వాత, తీసుకోవాల," అంటూ మొలలోంచి కత్తి తీశాడు.

డాక్టరు శాలువాతో సహా మూడడుగులు వెనక్కి వేశాడు. ముందు వరుసలో గంగాధరం హాయిగా కాళ్లు చాపుకున్నాడు. జ్ఞానప్రకాశం వేదికెక్కి చేతులు అడ్డం పెట్టాడు.

"పట్టుశాలువా అప్పా! కొయ్యొద్దు!"

"కొయ్యకుంటే పంచేదెట్ల సారూ? పంచకుంటే నేను పెద్దోణ్ణెట్ల?"

జ్ఞానప్రకాశం అడ్డం పెట్టిన చేతులు దించలేదు. ఎల్లమ్మే లేచింది.

"సించితే మూతి తుడుసుకునేదానికి గూడా సాలదు. తలా రోంతసేపు కప్పుకోమను. అదీ పంపకమే కదా!"

అంజినప్ప ఆలోచించి కత్తి దోపుకున్నాడు.

బంధువులు ఒక్కొక్కరే కుర్చీలో కూర్చున్నారు, కప్పించుకున్నారు, చప్పట్లు కొట్టించుకుని లేచారు. తర్వాత చూసినవాళ్ల వంతు. ప్రిన్సిపాలు కళ్లు మూసుకుని కూర్చుని, పేరు పెట్టి పిలిస్తే గాని లేవలేదు. కాపలా చెంగయ్య శాలువా మీద పడగానే తన జలుబు తగ్గిందని ప్రకటించాడు. నలభయ్యో మనిషి దగ్గర డాక్టరు చేతులు పడిపోతే, ఎల్లమ్మ అందుకుంది. జ్ఞానప్రకాశం వంతు రాగానే, చలిగాలి తగలకుండా మెడ దగ్గర అంచు దోపి వెళ్లింది. ఆ కాసేపూ అతడికి తన దిగులేమిటో గుర్తు రాలేదు.

చివరికి గంగాధరం మిగిలాడు.

"నాకొద్దు," అన్నాడు.

"అట్లయితే నాకూ లేదు. ఆయప్ప తీసుకోందే నేనెట్ల తీసుకుంటాను?" అంటూ అంజినప్ప కుర్చీ పక్కన గొంతుక్కూర్చున్నాడు.

సన్మానం ఇక్కడే ఆగిపోతే గంగాధరం మాటే నెగ్గుతుంది. వెనక నుంచి విద్యార్థులు అరిచారు. "పోన్నా గంగాధరన్నా! కాఫీ సల్లారిపోతాండాది!"

ఎల్లమ్మ వేదిక దిగి వచ్చింది. "సిగ్గుపడొద్దు నాయినా. రా."

పదకొండేళ్లుగా ఎవరికి శాలువా కప్పాలో తేల్చింది గంగాధరమే. తనకు మాత్రం ఎవరూ కప్పలేదు. వెళ్లి కూర్చున్నాడు. చప్పట్లు మోగాయి. లేవలేదు.

"అయిపాయె, లెయ్యప్పా," అన్నాడు డాక్టరు.

"ఉండు సామీ. వెనకోళ్లు సరిగ్గా కొట్టలా."

మళ్లీ కొట్టారు. అప్పుడు గంగాధరం లేచి, శాలువా తానే అంజినప్పకు కప్పి, మడతలు సరిచేసి, అందరికంటే ముందు చప్పట్లు మొదలుపెట్టాడు. ఆ చప్పట్ల మధ్యే జ్ఞానప్రకాశం చెవి దగ్గరికి వంగాడు.

"వచ్చే ఏడు గూడా ఈళ్లనే పిలుస్తామప్పా. అందురినీ రమ్మని సెప్పు."