తిరిగొచ్చిన రత్నం

కథ వేసుకోలేమని మెయిల్ వచ్చిన రోజు ఉమాశ్రీ ఎసట్లో గ్లాసుడు బియ్యం ఎక్కువ పోస్తుంది. సాయంత్రం ఐదున్నరకి బెజవాడ బస్సు పామర్రు సెంటర్లో ఆగుతుంది. తిప్పి పంపిన కథలోని మనిషి అందులోంచి దిగుతుంది. ఆడవాళ్ళకి బస్సు ఉచితమే గానీ, కథల్లోంచి వచ్చేవాళ్ళకి ఆధార్ ఉండదు కనక కండక్టరు టికెట్టు కొడతాడు. ఆ మనిషి ఉమాశ్రీ ఇంటికొచ్చి చెప్పులు గుమ్మం పక్కన విడిచి, కాళ్ళు కడుక్కుని, ఎక్కడ పడుకోవాలని అడుగుతుంది.

తొమ్మిదేళ్ళుగా ఇదే వరస. ప్రస్తుతం ఇంట్లో అలా వచ్చినవాళ్ళు నలుగురున్నారు. ఉమాశ్రీ భర్త రాంప్రసాద్ ఎరువుల కొట్లో పనిచేస్తాడు. చెడ్డవాడేం కాదు, పెళ్ళాం కథలు చదవడు, అంతే.

"ఇంకొకళ్ళని రాయకే తల్లీ, బాత్రూం ఒక్కటే ఉంది" అంటాడు. ఆ ఒక్కటీ ఎవరు కడుగుతున్నారో అతనికి ఈనాటికీ తెలీదు.

ఉమాశ్రీ పగలు కంటి ఆసుపత్రిలో చీటీలు రాస్తుంది. పేరు, వయసు, ఊరు, ఏమైంది. వంటా గిన్నెలూ అయ్యాక మిగిలిన ఓపికతో కథలు రాస్తుంది. ఈమధ్య ఆ ఓపికా అడుగంటింది.

ఈ శనివారం దిగింది రత్నం. మొగుడు కొట్టిన దెబ్బకి ఎడమ చెవి పోయిన మనిషి. కథ చివర ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది.

మర్నాడు పొద్దున్నే ఎడిటర్ గారు ఫోన్ చేశాడు. తొమ్మిదేళ్ళలో ఇదే మొదటిసారి. మళ్ళీ చదివాడట, కథ బావుందట, ముగింపే బాలేదట. రత్నం భర్త దగ్గరికి తిరిగి వెళ్తే సంసారపక్షంగా ఉంటుందట. అలా మార్చి, హామీపత్రం జతచేసి సాయంత్రంలోగా పంపితే వార్షిక సంచికలో బొమ్మతో సహా వేస్తాడట.

"అలాగేనండీ" అంది ఉమాశ్రీ. అలసట ఆమె చేత ఆ మాట అనిపించింది.

కాగితాలు తీసుకుని బల్ల దగ్గరికి వచ్చేసరికి రత్నం తల దువ్వుకుని, చీర మార్చుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూర్చుని ఉంది. ఆమెకి ఎవరూ ఏమీ చెప్పలేదు.

"రాసెయ్యండమ్మా, వెళ్తాను."

"మళ్ళీ కొడతాడు కదా రత్నం."

"కొడతాడు. మీరు బాగా అలిసిపోయారు గదా. కాకపోతే కుడిచెవి మీద కొట్టకుండా రాయండి. నాకు అదొక్కటే వినపడుద్ది."

ఉమాశ్రీ నాలుగు వాక్యాల్లో రత్నాన్ని మొగుడి గుమ్మం దాకా తీసుకెళ్ళింది. తర్వాత హామీపత్రం మొదలుపెట్టింది. ఈ కథ నా సొంతం, దేనికీ అనుకరణ కాదు అని రాసింది. కింద సంతకం పెట్టాలి. తలెత్తి సంచీతో కూర్చున్న మనిషిని చూసింది. అనుకరణ కాకపోవడమేమిటి, ఈ ముగింపుని వందేళ్ళుగా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. సంతకం పడలేదు. నాలుగు వాక్యాలూ కొట్టేసి, మార్చడం కుదరదండీ అని ఎడిటర్ గారికి మెసేజ్ పెట్టింది. మీ ఇష్టం, ఇకమీదట మాకు పంపనక్కర్లేదని జవాబొచ్చింది.

ఆ పూట ఉమాశ్రీ అన్నం తినలేదు. రత్నం సంచీ విప్పి చీరలు దణ్ణెం మీద వేసింది.

సోమవారం, ఇంట్లో ఊపిరాడటం లేదని రత్నం కూడా ఉమాశ్రీ వెంట ఆసుపత్రికి వచ్చింది. మొవ్వ నించి వచ్చిన పాతికేళ్ళ అమ్మాయి ఒకతెకి కన్ను కమిలి, వాచి, మూసుకుపోయి ఉంది. ఏమైందంటే తలుపు తగిలిందంది. ఉమాశ్రీ అదే రాసింది. ఈ చుట్టుపక్కల తలుపులు వారానికి ఇద్దరు ముగ్గురికి తగులుతూనే ఉంటాయి, అదీ ఆడవాళ్ళకే.

రత్నం వెళ్ళి బెంచీ మీద ఆ అమ్మాయి పక్కన కూర్చుంది. డాక్టరు గారు వచ్చేలోపు గంటన్నరసేపు తన కథ చెప్పింది, ముగింపుతో సహా. అమ్మాయి మధ్యలో రెండే అడిగింది. ముందు ఎవరింటికి వెళ్ళావని, ఆ పూట ఏం తిన్నావని.

తర్వాత ఆ అమ్మాయి లేచి ఉమాశ్రీ దగ్గరికి వచ్చింది.

"ఏవండీ, తలుపన్న మాట కొట్టేసి మా ఆయన పేరు రాయండి."

ఉమాశ్రీ ఇంటిపేరుతో సహా రాసింది.